మేడ మీదికి ఎక్కితిని

ఏడు రోడ్ల జంక్షన్ దాటాక ఆ ఆఫీసు.
రెండో అంతస్తులో గోడవారగా ఒక చెక్కబల్ల.
ఇన్నేళ్లూ దాని మీద కూర్చున్నవాళ్ల మొహం చూడకుండా
సంతకాలకి లోపలికి పోయేవాణ్ణి.
ఇవాళ నేనే కూర్చున్నాను.

చేతిలో నోటీసు.
'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అని మొదలై
'తగు సంజాయిషీ ఇచ్చుకొనవలెను' దగ్గర ఆగింది.
ధనుంజయరావులో ధకి పొట్ట చీల్చలేదు.
లైసెన్సు నంబరు మాత్రం ఒక్క అంకె తప్పలేదు.

ఎదురుగా పేడాడ దాలమ్మ.
హాస్టల్లో ముప్పయ్యేళ్లు వండి వండి
వచ్చిన డబ్బుతో గుజరాతీపేటలో పాత డాబా కొంది.
కొనేముందు నన్ను పిలిచింది.
పదిహేను వందలూ, ఒక గ్లాసు మజ్జిగా ఇచ్చింది.
నేను రెండు పేజీల రిపోర్టు ఇచ్చాను.
అది మార్చి.
జూలైలో వంటగది కప్పు పెచ్చు ఊడి గ్రైండరు మీద పడింది.
"నా నెత్తి మీద పడుంటే
నానీ కాయితం రాయించీదాన్నే కాదు గదా, బావూ"
అంది, నాతో కాదు, బంట్రోతుతో.

ఎవడో ఎప్పుడో నదీ ఇసక ఖరీదని
సముద్రం వైపు నుంచి బండి తోలించుకున్నాడు.
ఉప్పు ఓపికైనది.
చువ్వని లోపల్లోపలే తిన్నది.

లోపల ముగ్గురు.
మధ్యాయన కళ్లద్దాలు పంచెకి తుడుచుకుని చదివాడు:
"పదకొండో గడి. 'మేడ మీదికి ఎక్కి పరిశీలించితిని.'
టిక్కు ఉంది. ఎక్కారా?"

జవాబులు తయారుగానే ఉన్నాయి.
నిచ్చెన రెండో మెట్టు విరిగి ఉంది.
ఆ రోజే ఇంకో రెండిళ్లు చూడాలి.
పైగా రిపోర్టు అడుగున చీమల్లాంటి అక్షరాల్లో
'కంటికి కనిపించినంత మేరకు' అని ఉంది.
దాన్ని పట్టుకుని వేలాడండి సార్, అన్నాడు మా ప్లీడరు.

జేబులో వేళ్లు రూపాయి బిళ్లని తడిమాయి.
తాపీమేస్త్రి లంక సన్యాసి నేర్పిన విద్య అది.
గట్టిదైతే ఠంగంటాది, బోలుదైతే డొబ్బంటాది.
కన్ను మోసపోద్ది గానీ సెవి మోసపోదురా, అనేవాడు.
మార్చిలో ఆ వంటగదిలో బిళ్ల తీశాను.
ఫోను మోగింది.
మాట్లాడుతూ బిళ్లని జేబులో వేసేసుకున్నాను.
అంతే.
చేతికీ జేబుకీ మధ్య జానెడు.

"ఎక్కలేదు" అన్నాను.

టైపు కొడుతున్న అమ్మాయి తలెత్తి చూసి
మళ్లీ కొట్టింది.
ఆరు నెలలు సస్పెన్షన్. ఫీజు వాపసు.
కార్డు ఇక్కడే అప్పగించాలి.
మెడలో తాడు తీస్తుంటే కాలరుకి చిక్కుకుంది,
బంట్రోతు సాయం పట్టాడు.

మెట్ల దగ్గర ఆమె నిలబడి ఉంది.
తిట్లకి సిద్ధపడ్డాను.
"మిగతా రెండు గదులున్నాయి గదేటి.
ఏ గదిలో తొంగోమంటావు?"
"నాకిప్పుడు లైసెన్సు లేదమ్మా."
"సెవుంది గదా."

ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఆమె ఒళ్లో ఫైలు, పైన వంకాయల సంచి.

నిచ్చెన రెండో మెట్టు ఇంకా విరిగే ఉంది.
మొదటిదాని మీంచి మూడోదానికి కాలు చాచాను.
పైన నీళ్లు నిలిచి ఎండిన మరక.
పిట్టగోడ పగుల్లో రావిమొక్క, బొటనవేలంత.
మార్చిలో ఉందో లేదో,
నాకెలా తెలుస్తుంది?

దిగి, స్టూలెక్కి, పడగ్గది కప్పుకి బిళ్ల ఆనించాను.
ఠంగ్.
ఠంగ్.
కిటికీ పక్క మూలకి వచ్చేసరికి
చెయ్యి దానంతటదే ఆగింది.
ఇంకోసారి కొట్టాను.
ఆమె కప్పుని చూడటం లేదు, నా మొహం చూస్తోంది.

"మంచం ఇటు జరుపుదామా" అన్నాను.
అప్పటికే ఒక కోడు పట్టుకుని ఉంది.